ప్రచారం వేరు, సమాచారం వేరు: పంచాయతీ మనకు ఏం చెప్పాలి?

వడ్లమూడి: పింఛను ఏ తేదీన ఇస్తారో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. రేషన్ ఎప్పుడిస్తారో తెలుసు. గ్రామసభ ఎప్పుడో అడగండి, చాలామంది చూపు పక్కకు తిప్పేస్తారు. సభ జరిగిందని తెలిసేది కూడా ఎక్కువగా మర్నాడు, ఎవరి స్టేటస్‌లోనో ఫొటో చూశాకే. వెనకటికి ఊళ్లో దండోరా వేసేవాళ్లు. ఇప్పుడు సచివాలయం గోడ మీద ఓ కాగితం, వాట్సాప్ గ్రూపులో ఓ మెసేజ్, ఒక్కోచోట జుమ్మా నమాజు అయ్యాక మసీదు మైకులో ఓ మాట. ఈ మూడింట్లో ఏదీ అందకపోతే మనకు రావాల్సింది గడువు దాటిపోతుంది, అంతే.

మరి పంచాయతీ, మున్సిపాలిటీ లాంటి ఆఫీసులు జనానికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి? దీనికి ఎక్కడైనా ఓ పద్ధతంటూ ఉందా? ఉంది. యూరప్‌లో ఉత్తరాన పక్కపక్కనే ఉన్న స్వీడన్, ఫిన్లాండ్, నార్వే, డెన్మార్క్ దేశాల్లో ఇది చట్టంలోనే రాసిపెట్టారు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా పక్కపక్క రాష్ట్రాలే. 2014 దాకా ఒకే రాష్ట్రం, ఒకే పంచాయతీరాజ్ చట్టం. ఇప్పుడు రెండు చోట్లా జనంతో మాట్లాడే తీరు వేరైపోయింది. ఈ రెండింటినీ పోల్చి చూస్తే మన ఊరి సంగతి కొంచెం తేటపడుతుంది.

ముందు మన పక్క మండలం కథ చెప్పాలి. వట్టిచెరుకూరు మండలంలో పల్లపాడు అనే ఊరుంది. అక్కడి పంచాయతీ ఆఫీసుకు అధికారంలో ఉన్న పార్టీ జెండా రంగులు వేశారని ఆ ఊరి మనిషి ఒకాయన హైకోర్టుకు వెళ్లారు. అప్పటికి రాష్ట్రమంతా పంచాయతీ భవనాలకు ఆకుపచ్చ, నీలం, తెలుపు రంగులు పడుతున్నాయి. 2020 మార్చిలో హైకోర్టు ఆ రంగులు తీసేయమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది, అక్కడా కుదరలేదు. తర్వాత అవే రంగులకు మట్టి రంగు ఒకటి కలిపి కొత్త ఉత్తర్వు ఇచ్చారు. మట్టి రంగు భూమికి, ఆకుపచ్చ పంటకు, నీలం నీళ్లకు, తెలుపు పాలకు గుర్తు అని వివరణ కూడా ఇచ్చారు. సంగం డెయిరీ ఉన్న ఊరివాళ్లం, పాల రంగు ఏ పార్టీదీ కాదని మనకూ తెలుసు. కానీ కోర్టు ఆ ఉత్తర్వునూ కొట్టేసింది. చివరికి 2020 జూన్ 3న సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటే నిలబెట్టింది.

ఇందులో అసలు వింత ఏంటంటే, పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. చట్టం ప్రకారం సర్పంచ్ ఏ పార్టీ మనిషీ కాదు. అలాంటి ఆఫీసు గోడే పార్టీ పోస్టర్ అయిపోయింది. గోడకు రంగు వేయడానికి డబ్బు, మనుషులు, ఉత్తర్వులు అన్నీ ఇట్టే వచ్చేశాయి. అదే గోడ మీద ఈ ఏడాది పంచాయతీకి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని రాయించడానికి మాత్రం ఎప్పుడూ కుదరదు.

ఇది ఒక పార్టీ తప్పని అనుకుంటే పొరపాటే. పేర్ల సంగతే చూడండి. బీమాకు ఒకప్పుడు చంద్రన్న పేరు, తర్వాత వైఎస్సార్ పేరు. రంజాన్‌కు ఇచ్చిన తోఫా సంచీ మీద ముఖ్యమంత్రి బొమ్మ. పొలం పాస్‌బుక్ మీద ముఖ్యమంత్రి ఫొటో, 2024లో ప్రభుత్వం మారాక దాని స్థానంలో రాజముద్ర. తెలంగాణలో బాలింతలకు ఇచ్చిన కిట్‌కు కూడా అప్పటి ముఖ్యమంత్రి పేరే. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప వేరేవి వద్దని 2015 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రాలు మళ్లీ అడిగాయి. 2016 మార్చిలో ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రుల ఫొటోలు కూడా వేసుకోవచ్చని సడలించింది. పేరు మారినప్పుడల్లా ఇబ్బంది మాత్రం మన ఇంటి పెద్దవాళ్లదే. పథకం పాతదేనా, కొత్తదా, మళ్లీ అప్లికేషన్ పెట్టాలా అని ఆఫీసుల చుట్టూ తిరిగేది వాళ్లే.

ఇంతకీ మన దగ్గర ఈ పని ఎవరు చూస్తారు? సమాచార, పౌర సంబంధాల శాఖ అని ఒకటుంది. జిల్లాకో పౌర సంబంధాల అధికారి ఉంటారు. వాళ్లు రాష్ట్ర ప్రభుత్వం తరఫున మాట్లాడతారు. మంత్రి పర్యటన, కలెక్టర్ సమీక్ష, ఫొటో, ప్రెస్ నోట్ వాళ్ల పని. పంచాయతీ తరఫున ఊరితో మాట్లాడడానికి ప్రత్యేకంగా మనిషంటూ లేడు. పంచాయతీ కార్యదర్శే పన్ను వసూలు చేయాలి, పారిశుధ్యం చూడాలి, సర్టిఫికెట్లు ఇవ్వాలి, పైనుంచి వచ్చిన ప్రతి కార్యక్రమానికీ ఫొటో తీసి పైకి పంపాలి. ఆ ఫొటో పైకి వెళ్లాలి, ఊరికి కాదు. అసలు సంగతి ఇక్కడే ఉంది.

నేను కామర్స్ చదివాను కాబట్టి నాకు ముందు లెక్కే కనిపిస్తుంది. ఎవరి డబ్బుతో నడుస్తుందో, ఆ ఆఫీసు వాళ్లకే జవాబు చెప్తుంది. స్వీడన్‌లో జీతం మీద కట్టే పన్నులో పెద్ద భాగం నేరుగా స్థానిక ప్రభుత్వాలకే వెళ్తుంది. సగటున ఆదాయంలో 32 శాతం దాకా అక్కడి మున్సిపాలిటీ, దాని పైనున్న ప్రాంతీయ సంస్థ కలిసి తీసుకుంటాయి. బడి, పసిపిల్లల సంరక్షణ, ముసలివాళ్ల సేవ అన్నీ మున్సిపాలిటీవే. అంత డబ్బు తీసుకుంటే జనం ఊరుకుంటారా? నిలదీస్తారు. మన పంచాయతీకి ఇంటి పన్ను, కుళాయి పన్ను కొంత వస్తుంది, పెద్ద మొత్తం మాత్రం ఆర్థిక సంఘం నిధులుగా, గ్రాంట్లుగా పైనుంచి దిగుతుంది. అందుకే ఇక్కడి రిపోర్టు పైకి పోతుంది, కింద జనానికి మిగిలేది ఫ్లెక్సీ.

ఇప్పుడు ఆ ఉత్తరాది దేశాల సంగతి. దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒక్కో దేశానిది ఒక్కో తీరు.

స్వీడన్ అన్నిటికంటే పాతది. ప్రభుత్వ కాగితాలు ఎవరైనా అడిగి చూడొచ్చని 1766లోనే చట్టం చేశారు. అప్పట్లో ఫిన్లాండ్ కూడా స్వీడన్‌లో భాగమే. ఆ చట్టం కోసం గట్టిగా పట్టుబట్టినవాళ్లలో ఆండర్స్ కిడేనియస్ అనే ఫిన్లాండ్ వైపు చర్చి పాస్టర్ ఒకరు. ఇప్పటికీ స్వీడన్‌లో మున్సిపాలిటీకి వెళ్లి ఒక కాగితం అడిగితే మీ పేరేంటి, ఎందుకు అని మామూలుగా అడగడానికి వీల్లేదు. 2018 నుంచి ప్రతి మున్సిపాలిటీ తన వెబ్‌సైట్‌లో నోటీసు బోర్డు పెట్టాలి. కౌన్సిల్ మీటింగ్ ఎప్పుడు, మినిట్స్ ఎప్పుడు సిద్ధమయ్యాయి అన్నది అందులో కనపడాలి. మన సచివాలయం గోడ మీద కాగితం లాంటిదే అది. తేడా ఏంటంటే వానకు తడవదు, ఎవరూ చింపలేరు.

నార్వే ఇంకో అడుగు ముందుకేసింది. 2018లో చేసిన స్థానిక ప్రభుత్వాల చట్టంలో, మున్సిపాలిటీ తన పనుల గురించి తానే చొరవ తీసుకుని చెప్పాలని రాసింది. అంటే అడిగితే చెప్పడం కాదు, అడగకముందే చెప్పడం. అక్కడ ఇంకో హక్కు ఉంది. ఊరివాళ్లు 300 మంది సంతకం పెట్టి ఒక ప్రతిపాదన ఇస్తే కౌన్సిల్ దాన్ని చర్చించి తీరాలి. చిన్న ఊరైతే జనాభాలో 2 శాతం మంది చాలు.

డెన్మార్క్ మొత్తం ఫోనులోకి వెళ్లిపోయింది. 2014 నవంబర్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఉత్తరాలు డిజిటల్ పెట్టెలోకే వస్తాయి. చేతకానివాళ్లు మినహాయింపు అడగొచ్చు, వాళ్లకు కాగితమే వస్తుంది. 2025 చివరికి అక్కడి పాత తపాలా సంస్థ ఇళ్లకు ఉత్తరాలు పంచడమే ఆపేసింది. పని చకచకా అవుతుంది, ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ ముసలివాళ్ల పాస్‌వర్డ్ కొడుకు చేతిలోకో కూతురు చేతిలోకో పోతుంది. ఇది మనకు కొత్త కథేం కాదు కదా, మన అమ్మీల ఓటీపీలన్నీ ఎవరి దగ్గరికి వస్తున్నాయి?

ఫిన్లాండ్ సంగతి భాష దగ్గర చెప్తాను, ఎందుకంటే మనకు అన్నిటికంటే పనికొచ్చేది అదే.

మన రెండు రాష్ట్రాలకు వద్దాం. ఆంధ్రప్రదేశ్ ఇంటింటికీ వెళ్లే దారి పట్టింది. 2019 ఆగస్టు 15న వలంటీర్లు వచ్చారు, ఊళ్లలో 50 ఇళ్లకు ఒకరు. అదే ఏడాది అక్టోబర్ 2న సచివాలయాలు మొదలయ్యాయి. లబ్ధిదారుల జాబితాలు సచివాలయంలో అంటించేవాళ్లు. ఏ పథకం వచ్చినా వలంటీరే గుమ్మం దగ్గరికొచ్చి చెప్పేవాడు. చదువురాని ఆడవాళ్లకు అది నిజంగా మేలు చేసింది. ఆ వలంటీర్ అధికార పార్టీ మనిషి అన్న విమర్శ కూడా మొదటినుంచీ ఉంది. 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం వాళ్లను పింఛన్ల పంపిణీ నుంచి పక్కన పెట్టింది, ప్రభుత్వం మారాక జులై నుంచి పింఛన్లు సచివాలయ ఉద్యోగులే ఇస్తున్నారు. వలంటీర్ పోయాక ఆయన మోసుకొచ్చే కబురు కూడా పోయింది. ఆ ఖాళీలోకి ఫోన్ వచ్చింది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పాలన మొదలైంది. 95523 00009కి మెసేజ్ పెడితే మొదట్లోనే 161 సేవలు. సర్టిఫికెట్ కోసం తెనాలి వెళ్లి రోజు కూలి పోగొట్టుకోనక్కర్లేదంటే ఎవరు వద్దంటారు?

తెలంగాణ ఎక్కువగా జనాన్ని ఒకచోట పోగుచేసే దారి పట్టింది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలని, ఓటర్ల సంఖ్యను బట్టి కనీసం ఇంతమంది ఉండాలని రాశారు. 2019 సెప్టెంబర్‌లో 30 రోజుల కార్యక్రమంతో పల్లె ప్రగతి మొదలైంది. ప్రభుత్వం మారాక 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన సభలు పెట్టి ఊరూరా అప్లికేషన్లు తీసుకున్నారు. 2025 జనవరి 21 నుంచి 24 దాకా మళ్లీ గ్రామసభలు. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా జాబితాలు అందరి ముందూ చదివారు. చాలా ఊళ్లలో గొడవైంది. నా పేరేదీ అని జనం అధికారుల మీద పడ్డారు. అప్పటికి ఊళ్లలో సర్పంచ్‌లు కూడా లేరు. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం అయిపోతే 2025 డిసెంబర్‌లో గానీ ఎన్నికలు జరగలేదు. ఆ మధ్యలో ప్రత్యేకాధికారులే అన్నీ.

పేపర్లు ఆ గొడవను ప్రభుత్వానికి తలనొప్పిగా రాశాయి. నాకైతే అది మంచి సంగతిలా కనిపించింది. వాట్సాప్‌లో మీకు ‘తిరస్కరించబడింది’ అని వస్తే అది మీ ఒక్కరి బాధ. పక్కింటికి ఎందుకొచ్చిందో, మనకు ఎందుకు రాలేదో పోల్చుకునే వీలుండదు. సభలో జాబితా చదివితే, రెండంతస్తుల మేడ ఉన్నాయన పేరు వచ్చిందని, భర్త పోయిన ఆవిడ పేరు రాలేదని ఊరంతా అక్కడికక్కడే వింటుంది. అరుపులు వస్తాయి, రానివ్వండి. ఫోనులో అరవడానికి ఎవరూ లేరు.

అలాగని ఆంధ్రలో సభలు అసలే లేవని కాదు. 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులు ఆమోదించారు. అన్ని ఊళ్లలో ఒకే రోజు అంటే వార్త పెద్దదవుతుంది. కానీ ఊరికి కావాల్సింది రికార్డు కాదు, తర్వాతి సభ ఎప్పుడన్న తేదీ. పోయినసారి ఒప్పుకున్న రోడ్డు ఎంతవరకు వచ్చిందో ఆ సభలో చెప్పాలి. ఆ మాటకొస్తే 1997 జనవరి 1న మొదలైన జన్మభూమి కూడా దక్షిణ కొరియా పద్ధతి చూసి తెచ్చిందే. బయటి దేశాల నుంచి పద్ధతి తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. తెచ్చినప్పుడల్లా సభ, మైకు, బ్యానర్ వచ్చాయి, లెక్క చెప్పే అలవాటు మాత్రం రాలేదు.

ఇక భాష. తెలంగాణ 2017లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేసింది, ఆఫీసుల్లో 66 మంది ఉర్దూ అధికారులను పెడతామని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2022 మార్చిలో అలాంటి చట్టమే చేసింది. సంతోషమే. కానీ చట్టం ఊరి నోటీసు బోర్డు దాకా ఎలా దిగుతుందో ఫిన్లాండ్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ ఫిన్నిష్, స్వీడిష్ రెండు జాతీయ భాషలు. ఒక మున్సిపాలిటీలో తక్కువ సంఖ్యలో ఉన్న భాషవాళ్లు 8 శాతం ఉన్నా, లేదా 3,000 మంది ఉన్నా ఆ ఊరు రెండు భాషల ఊరే. జనానికి ఇచ్చే నోటీసు రెండు భాషల్లో ఉండాల్సిందే. పదేళ్లకోసారి లెక్క చూసి జాబితా సరిచేస్తారు. ఎవరి దయా అక్కర్లేదు, అంకె చాలు. మన దగ్గర అలాంటి అంకె పెడితే గుంటూరు, తెనాలి లాంటి చోట్ల ఏమవుతుందో ఊహించుకోండి.

కానీ మనలో మనం ఒక నిజం ఒప్పుకోవాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, చదివేది తెలుగే. ఈ వార్త మీరు తెలుగులో చదువుతున్నారంటేనే తెలుస్తోంది. కాబట్టి ఉర్దూ బోర్డు ఒక్కటే పెడితే సరిపోదు. తెలుగు కూడా అర్థమయ్యే తెలుగు కావాలి. ఫిన్లాండ్ 2015 స్థానిక ప్రభుత్వాల చట్టంలో ఈ మాటా ఉంది. మున్సిపాలిటీ స్పష్టమైన, తేలిగ్గా అర్థమయ్యే భాష వాడాలి, రకరకాల జనాల అవసరాలు చూసుకోవాలి అని. స్వీడన్ 2009 భాషా చట్టం కూడా అలాంటి మాటే చెప్పింది. మన నోటీసులు ఎలా ఉంటాయి? ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అర్హులైన లబ్ధిదారులు సంబంధిత ధ్రువపత్రములతో నిర్ణీత గడువులోగా కార్యాలయమునందు హాజరు కావలెను.’ దీన్నే ‘రేషన్ కార్డులో పేరు చేర్చుకోవాలంటే ఆధార్, పుట్టిన సర్టిఫికెట్ తీసుకుని 20వ తేదీలోపు సచివాలయానికి రండి’ అని రాస్తే ఏం పోయింది? మొదటి దాంట్లో ఏ పనో, ఏ తేదీయో, ఏ కాగితమో ఒక్కటీ లేదు.

భాష చిన్న విషయం అనుకునేవాళ్లు 2020 స్వీడన్‌ను గుర్తు చేసుకోవాలి. అన్ని చట్టాలున్న ఆ దేశంలోనే కోవిడ్ మొదటి వారాల్లో స్టాక్‌హోంలో చనిపోయినవాళ్లలో సోమాలియా నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు, జనాభాలో వాళ్ల వాటాకు మించి ఉన్నారు. ఇరుకు ఇళ్లు, నలుగురితో కలిసి తిరిగే ఉద్యోగాలు కూడా కారణాలే. కానీ జాగ్రత్తలు వాళ్ల భాషలో ఆలస్యంగా చేరాయని అక్కడి సోమాలీ డాక్టర్లే గట్టిగా అన్నారు. అధికారులు చెప్పడం లేటైతే ఆ చోటును పుకారు తీసుకుంటుంది. 2021 చివర్లో స్వీడన్ ముస్లిం పిల్లలను ఎత్తుకుపోతోందని సోషల్ మీడియాలో మొదలైన ప్రచారం అరబ్ దేశాల దాకా పాకింది. మున్సిపాలిటీల పిల్లల సంరక్షణ శాఖ ఎలా పనిచేస్తుందో చాలా కుటుంబాలకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. మన దగ్గర ఎవరు సర్వే పేరుతో వచ్చినా గ్రూపుల్లో తిరిగే వాయిస్ మెసేజ్‌లు తెలిసినవే కదా. 2027 జనగణన వస్తోంది. ఏ ప్రశ్నలు అడుగుతారు, ఏ కాగితం అడగరు అన్నది ఊరి ఆఫీసే ముందుగా, తేలిక మాటల్లో చెప్పకపోతే ఆ వాయిస్ మెసేజే గెలుస్తుంది.

ఇప్పుడున్న చట్టాలతో మనం ఏం చేయొచ్చు? కొన్ని పనులు ఈ వారమే చేయొచ్చు. ఇ-గ్రామస్వరాజ్ అని కేంద్రం వెబ్‌సైట్ ఉంది, 2020 ఏప్రిల్ 24న మొదలైంది. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే మన ఊరి ప్రణాళిక, ఖర్చు వివరాలు కనిపిస్తాయి. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లల్ని కూర్చోబెట్టండి. వడ్లమూడిలో యూనివర్సిటీయే ఉంది, పిల్లలకు కొదవా?

సమాచార హక్కు చట్టం 2005లో నాలుగో సెక్షన్ ఉంది. అడగకముందే ఆఫీసు తన పనులు, బడ్జెట్, లబ్ధిదారుల వివరాలు బయటపెట్టాలి, అదీ స్థానిక భాషలో అని అందులోనే ఉంది. అంటే నార్వే చట్టంలో ఉన్నదాంట్లో సగం మనకు పదమూడేళ్ల ముందే వచ్చింది. అమలు సంగతే వేరు. బయటపెట్టకపోతే అప్లికేషన్ పెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల ఆఫీసుకైతే 5 రూపాయలు, ఆ పైన 10. తెలుగులో రాసిస్తే చాలు, కారణం చెప్పక్కర్లేదు. రాయడం రానివాళ్లు నోటితో చెప్తే రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత ఆ అధికారిదే. 30 రోజుల్లో జవాబు రావాలి.

గ్రామసభలో అడగాల్సినవి కూడా చట్టంలోనే ఉన్నాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం పోయిన ఏడాది లెక్కలు, ఆడిట్ రిపోర్టు, ఈ ఏడాది చేసే పనులు, కొత్త పన్ను ఏదైనా ఉంటే అది, లబ్ధిదారుల ఎంపిక సభ ముందుకు రావాలి. ఆడిట్ రిపోర్టు చదవండి అని ఒక్కరు లేచి అడిగితే చాలు, సభ తీరు మారిపోతుంది. సభ తేదీ ముందే మసీదు మైకులో చెప్పించమని కార్యదర్శి గారిని అడగడానికి మాత్రం ఏ చట్టమూ అక్కర్లేదు. ఆడవాళ్లు వచ్చే వేళలో పెట్టమని కూడా అదే కాగితంలో రాసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.